పరిశోధనకు ట్రేడ్ జర్నళ్లు: రొయ్యల రంగంలో ఏవి ఉన్నాయి, ఎక్కడ దొరుకుతాయి, ఎంతవరకు నమ్మవచ్చు?

ప్రశ్న: ఉప్పుటేరు_పరిశోధకురాలు

అందరికీ నమస్కారం. నేను అర్థశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఉమ్మడి పశ్చిమగోదావరి, కృష్ణా జిల్లాలలో రొయ్యల సాగు టైగర్ రకం నుంచి వెనామీ రకానికి మారిన క్రమంలో రైతుకు పెట్టుబడి ఎక్కడి నుంచి వచ్చింది, రొయ్య పిల్లలను ఉత్పత్తి చేసే హేచరీ, మేత డీలరు, కొనుగోలుదారు ఈ ముగ్గురిలో ఎవరి చేతికి ఎంత పట్టు చిక్కింది అన్నది నా అంశం. 1990 నుంచి 2015 వరకు గల కాలాన్ని తీసుకున్నాను.

రెండేళ్లుగా చదివిన విద్యావిషయక వ్యాసాలలో వ్యాధుల గురించి, నీటి లవణీయత గురించి, మేత వినియోగం గురించి కావలసినంత సమాచారం దొరికింది. అయితే ఫలానా ఏడాది వేసవిలో ముప్పై కౌంటు (కిలోకు ముప్పై తూగే) రొయ్య కిలో ఏ ధరకు పోయింది, అరువు మేతకు నగదు మేతకు తేడా ఎంత ఉండేది, చెరువు నీటిలో గాలి కలిపే ఏరేటర్ల అమ్మకం ఎప్పటి నుంచి పెరిగింది వంటి సంగతులు వాటిలో కనిపించవు. మా గైడు గారితో ఈ మాట అంటే, ట్రేడ్ జర్నళ్లు తిరగేయమని చెప్పారు. మొన్నటి సమీక్షా సమావేశంలో మరో ఆచార్యులు మాత్రం, అవి యూజీసీ కేర్ జాబితాలో ఉన్న పత్రికలు కావు కదా, వాటిని సిద్ధాంత గ్రంథంలో ఎలా ఉదహరిస్తావని అడిగారు. నేను సరైన జవాబు చెప్పలేకపోయాను.

అందువల్ల మూడు విషయాలు తెలుసుకోగోరుతున్నాను. ట్రేడ్ జర్నల్ అంటే కచ్చితంగా ఏమిటి, బిజినెస్ పత్రికకు దానికి తేడా ఏమిటి? పాత సంచికలను ఎక్కడ, ఎలా వెతకాలి? ప్రకటనల డబ్బుతో నడిచే పత్రికలోని మాటను ఎంతవరకు ఆధారంగా తీసుకోవచ్చు?

సమాధానం: విశ్రాంత_గ్రంథపాలకుడు

అమ్మా, ముప్పై ఏళ్లు విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పనిచేసినవాడిగా చెబుతున్నాను. మీ సమావేశంలో రెండు వేర్వేరు విషయాలు ఒకటిగా కలిసిపోయాయి. కేర్ జాబితా పుట్టింది మన వ్యాసాలను ఏ పత్రికలో ప్రచురిస్తే లెక్కలోకి తీసుకోవచ్చో చెప్పడానికి. మనం దేనిని చదివి ఆధారంగా చూపవచ్చో నిర్ణయించడం దాని పని కానే కాదు. ఆ జాబితాను కూడా 2025 ఫిబ్రవరిలో యూజీసీ నిలిపివేసింది. ఒక చరిత్ర విద్యార్థి రెవెన్యూ రికార్డునో, ఇంట్లో దొరికిన పాత ఉత్తరాన్నో ఉదహరించినప్పుడు అది ఏ జాబితాలో ఉందని ఎవరూ అడగరు. మీ పరిశోధనకు ట్రేడ్ జర్నల్ అదే వరుసకు చెందిన మూలాధారం. సిద్ధాంతం కోసం విద్యావిషయక వ్యాసాన్ని ఆశ్రయించండి, ఆ కాలపు వ్యాపారంలో ఏం జరిగిందో తెలుసుకోవడానికి ట్రేడ్ జర్నల్‌ను సాక్షిగా పిలవండి. ఈ రెండు పనులనూ మీ మొదటి అధ్యాయంలోనే విడదీసి రాస్తే ఆ ఆచార్యుల వారి సందేహం తీరుతుంది.

ఇక నిర్వచనం. తెలుగులో దీనికి స్థిరపడిన మాట లేదు. 'వ్యాపార పత్రిక' అంటే షేర్ల ధరలు, కంపెనీల లాభనష్టాలు ఇచ్చే బిజినెస్ పత్రిక గుర్తుకు వస్తుంది. ఆ పత్రిక రంగానికి బయట ఉన్న మదుపరి కోసం అన్ని రంగాల వార్తలూ రాస్తుంది. ట్రేడ్ జర్నల్ ఒకే రంగంలో బతికేవారు తమలో తాము మాట్లాడుకునే పత్రిక. రొయ్యల రంగమైతే హేచరీ యజమాని, మేత కంపెనీ సాంకేతిక సిబ్బంది, ప్రాసెసింగ్ ప్లాంటు మేనేజరు, ఎగుమతిదారు దాని పాఠకులు. రాసేవారు కూడా చాలావరకు వారే. ఎవరికీ ప్రాథమిక విషయాలు వివరించి చెప్పనక్కరలేదు కనుక, బయటివారికి అర్థం కాని వృత్తి మాటలతో, పొడి అక్షరాలతో రాస్తారు. వ్యాసాన్ని ప్రచురించాలా వద్దా అన్నది సంపాదకుడి నిర్ణయం. ఇతర పరిశోధకులు ముందుగా పరీక్షించే పీర్ రివ్యూ పద్ధతి ఉండదు. చివర ఆధార గ్రంథాల పట్టిక ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు.

పీర్ రివ్యూ లేకపోవడం వల్ల వచ్చే నష్టం మీకు తెలుసు. దానివల్ల కలిగే లాభం వేగం. 2012, 2013 సంవత్సరాలలో థాయిలాండ్‌ను కుదిపేసిన ఈఎంఎస్ (రొయ్యలు తొలి దశలోనే చనిపోయే) వ్యాధినే చూడండి. దానికి కారణం ఒక బాక్టీరియా అని అరిజోనా విశ్వవిద్యాలయంలోని డొనాల్డ్ లైట్నర్ బృందం గుర్తించిన సంగతి 2013 మే నెలలోనే పరిశ్రమ సంఘమైన గ్లోబల్ ఆక్వాకల్చర్ అలయన్స్ ద్వారా ప్రపంచానికి తెలిసింది. పీర్ రివ్యూ జరిగిన వ్యాసం జూలైలో వచ్చింది. అది అత్యంత వేగంగా వచ్చిన వ్యాసం. మామూలుగా ఏడాది, రెండేళ్లు పడుతుంది. థాయిలాండ్ ఉత్పత్తి పడిపోయి ధరలు పెరిగినప్పుడు మన చెరువులలో ఏ నిర్ణయాలు జరిగాయన్నది మీ అంశానికి గుండెకాయ వంటిది. ఆ నెలలలో వ్యాపారులకు ఏం తెలుసు, ఏం తెలియదు అన్నది నెలవారీ పత్రికలలోనే దొరుకుతుంది.

ఇప్పుడు వెతకడం గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎక్కువమంది విద్యార్థులు ఇబ్బంది పడేది ఇక్కడే.

ముందుగా పత్రికల పేర్ల జాబితా తయారు చేసుకోండి. మీ రంగానికి విశాఖపట్నం నుంచి 1980ల తొలినాళ్లలో మొదలైన 'ఫిషింగ్ ఛైమ్స్', హైదరాబాద్ నుంచి వచ్చే 'ఆక్వా ఇంటర్నేషనల్', ఎగుమతిదారుల సంఘం వారి 'సీఫుడ్ ఎక్స్‌పోర్ట్ జర్నల్', కౌలాలంపూర్ కేంద్రంగా వెలువడే 'ఇన్ఫోఫిష్ ఇంటర్నేషనల్' మొదట చూడవలసినవి. కొచ్చిలో 1972లో ఏర్పడిన సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ, మనం ఎంపెడా అని పిలిచేది, తన సొంత పత్రికను నడుపుతోంది. అది ప్రభుత్వ సంస్థ గొంతు కాబట్టి దానిని విడిగా ఒక గుంపులో పెట్టండి. ఇటీవలి సంచికలు వారి వెబ్‌సైటులోనే ఉంటాయి. 1969లో మొదలైన 'అన్నదాత' వంటి రైతు పత్రికలు కచ్చితమైన అర్థంలో ట్రేడ్ జర్నళ్లు కావు. అయినా తెలుగులో రైతును ఉద్దేశించి రాసినవి కనుక, ఇంగ్లీషులో పరిశ్రమను ఉద్దేశించి రాసినదానితో పోల్చి చూడడానికి అమూల్యమైనవి.

ఈ జాబితా ఇక్కడితో పూర్తి కాదు. మన దేశంలో పత్రికల పేర్లు నమోదు చేసే రిజిస్ట్రారు కార్యాలయం 1956 నుంచి పనిచేస్తోంది. అందరూ ఆర్.ఎన్.ఐ. అనే ఆ కార్యాలయానికి 2023 నాటి కొత్త చట్టంతో పేరు మారింది. అక్కడి పేర్ల వివరాలలో భాష, ప్రచురణ స్థలం, ఎన్ని రోజులకొకసారి వస్తుంది అన్నవి ఉంటాయి. ఆక్వా, ఫిష్, మత్స్య, రొయ్య వంటి మాటలతో వెతికితే రెండు మూడేళ్లు నడిచి ఆగిపోయిన చిన్న పత్రికల పేర్లు కూడా బయటపడే అవకాశం ఉంది. అంతర్జాతీయ పత్రికలకు వాటి గుర్తింపు సంఖ్యల ఐ.ఎస్.ఎస్.ఎన్. పోర్టల్, 1932లో మొదలైన పత్రికల వివరాల అల్రిక్స్ డైరెక్టరీ ఉపయోగపడతాయి. అల్రిక్స్‌లో ప్రతి పత్రిక ఏ తరగతికి చెందినదో రాసి ఉంటుంది, ట్రేడ్ అనేది అందులో ఒక తరగతి.

పేరు దొరికాక ప్రతి ఎక్కడుందో చూడాలి. విశ్వవిద్యాలయ గ్రంథాలయాలను అనుసంధానించే ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి ఉమ్మడి పట్టిక ఇండ్‌క్యాట్‌లో మన విశ్వవిద్యాలయాలు ఏ సంవత్సరాల సంపుటాలు కలిగి ఉన్నాయో వెతకవచ్చు. 1954 నాటి పుస్తకాల సమర్పణ చట్టాన్ని 1956లో సవరించి పత్రికలనూ అందులో చేర్చారు. దాని ప్రకారం ప్రచురణకర్తలు ప్రతులు పంపవలసిన గ్రంథాలయాలు నాలుగు: కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయం, చెన్నై కన్నెమరా, ముంబయిలోని కేంద్ర గ్రంథాలయం, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీ. అందరూ పంపారని చెప్పలేము కానీ, మనకు దగ్గరైన కన్నెమరాకు ఒక ఉత్తరం రాయడం వృథా పోదు.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇది. కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, సీఎంఎఫ్‌ఆర్‌ఐ, తన శాస్త్రవేత్తల రచనలన్నిటినీ ఒక డిజిటల్ భాండాగారంలో ఉచితంగా ఉంచింది. వారు 'ఫిషింగ్ ఛైమ్స్', 'సీఫుడ్ ఎక్స్‌పోర్ట్ జర్నల్' వంటి పత్రికలకు రాసిన వ్యాసాల ప్రతులూ అందులో ఉన్నాయి. పత్రిక పూర్తి సంచిక దొరకని చోట విడి వ్యాసాలైనా అక్కడ దొరుకుతాయి. అయితే దానిలో ఉన్నవి శాస్త్రవేత్తలు రాసినవి మాత్రమే అన్న సంగతి మరచిపోకండి. వ్యాపారి రాసినది, ప్రకటన, ధరల పట్టిక అందులోకి రావు.

మీ విశ్వవిద్యాలయంలో ఏబీఐ ఇన్‌ఫామ్ గానీ, ఎబ్స్కో వారి బిజినెస్ సోర్స్ గానీ (రెండూ వ్యాపార వ్యాసాల డేటాబేసులు) ఉంటే, వెతికిన ఫలితాల పక్కన మూలం రకాన్ని ఎంచుకునే చోట ట్రేడ్ పత్రికలను మాత్రమే చూపమని కోరవచ్చు. చాలామంది అలవాటు కొద్దీ పీర్ రివ్యూ గడిలో టిక్కు పెట్టి, మనకు కావలసినవన్నీ తామే దాచేసుకుంటారు. 2025 జనవరి నుంచి అమలులోకి వచ్చిన ఒకే దేశం ఒకే చందా పథకం (దేశంలోని విద్యాసంస్థలకు పత్రికలను ఒకే చందాతో అందించేది) ప్రధానంగా విద్యావిషయక ప్రచురణకర్తల కోసం ఉద్దేశించినది కనుక, ఈ విషయంలో దాని మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు.

వెతికే మాటల విషయంలో కూడా జాగ్రత్త అవసరం. మన దేశపు పాత రచనలలో శ్రింప్ అనే మాట కంటే ప్రాన్ అనేదే ఎక్కువ కనిపిస్తుంది. వెనామీ శాస్త్రీయ నామం ఒక కాలంలో పెనియస్ అనీ, తరువాత లిటోపెనియస్ అనీ రాశారు. టైగర్‌ను మోనోడాన్ అనీ, బ్లాక్ టైగర్ అనీ అంటారు. బ్రాకిష్‌వాటర్ (కొద్దిగా ఉప్పగా ఉండే నీరు) అన్నదాన్ని ఒకే మాటగా ఒకసారి, రెండు మాటలుగా విడదీసి ఒకసారి వెతకండి. ఈ చిన్న తేడాల వల్ల సగం వ్యాసాలు కంటపడకుండా పోతాయి.

సమాధానం: చెరువుగట్టు

నేను భీమవరం ప్రాంతంలో ఇరవై రెండేళ్లుగా మేత డీలరుషిప్పు నడుపుతున్నాను. అంతకుముందు కొంతకాలం హేచరీలో టెక్నీషియన్‌గా ఉన్నాను. మీరు పరిశీలిస్తానన్న ముగ్గురిలో నేనూ ఒకడిని, కాబట్టి నా మాటను కూడా ఆ లెక్కలోనే తీసుకోండి. పత్రికలు మా దుకాణానికి వచ్చేవి, ఇప్పటికీ వస్తున్నాయి. వాటిని లోపలి నుంచి చూసినవాడిగా కొన్ని విషయాలు చెబుతాను.

మొదటిది ధరల గురించి, ఎందుకంటే మీరు కచ్చితంగా పొరబడే చోటు అదే. మా దగ్గర కౌంటు అంటే తలతో ఉన్న రొయ్యలు కిలోకు ఎన్ని తూగుతాయన్న లెక్క. ముప్పై కౌంటు అంటే కిలోకు ముప్పై. అమెరికా మార్కెట్టు ధరలు రాసే పత్రికలలో 16/20, 21/25, 31/40 అని కనిపించేవి తల తీసిన రొయ్యలు పౌనుకు ఎన్ని అన్న లెక్క. మా ముప్పై కౌంటు రొయ్య ఒక్కొక్కటి సుమారు 33 గ్రాములు ఉంటుంది. తల తీస్తే దాదాపు మూడింట రెండు వంతులు, అంటే ఇరవై ఒకటి, ఇరవై రెండు గ్రాములు మిగులుతుంది. 454 గ్రాముల పౌనుకు ఇరవై ఒకటి వస్తాయి. కాబట్టి అది 21/25 తరగతి అంచున కూర్చుంటుంది. రెండింటిలోనూ ముప్పై కనిపించింది కదా అని మా ముప్పై కౌంటును వాళ్ల 31/40 ధరతో పోల్చితే, రైతుకూ ఎగుమతిదారుకూ మధ్య ఉన్న తేడాను మీరు తప్పుగా లెక్కకట్టినట్టే. ఈ పొరపాటు ఒక ముద్రిత నివేదికలో కూడా నేను చూశాను.

పత్రికలో వేసే చెరువు గట్టు ధర ఎక్కడిదో కూడా అడగండి. సంపాదకుడు నలుగురైదుగురు కొనుగోలుదారులకు ఫోన్ చేసి రాసిన ధర అది. మేత అప్పు ఉన్న రైతుకు ఆ ధర దక్కకపోవచ్చు. అప్పు ఇచ్చినవారు చెప్పిన కొనుగోలుదారుకే సరుకు ఇవ్వవలసి వచ్చినప్పుడు కిలోకు కొన్ని రూపాయలు తగ్గడం మా ప్రాంతంలో అందరికీ తెలిసిన సంగతి, ఏ పత్రికా అచ్చువేయని సంగతి. దానికోసం మీరు రైతుల ఇళ్లకు వెళ్లి పాత చిట్టీలు చూడవలసిందే.

రెండవది ప్రకటనలు. మీరు ప్రకటనల డబ్బు గురించి దోషంగా రాశారు. నాకైతే మీ పరిశోధనకు ఆ పేజీలే ఎక్కువ విలువైనవి అనిపిస్తుంది. వ్యాసంలో దాచిపెట్టిన సంగతి ప్రకటనలో బయటపడుతుంది. వ్యాధి తిరుగుతున్నదని ఏ పత్రికా పెద్ద అక్షరాలతో రాయదు, రాస్తే హేచరీలకూ కొనుగోలుదారులకూ కోపం వస్తుంది. కానీ అదే నెల నుంచి క్రిమిసంహారకాలు, ఖనిజ మిశ్రమాలు, ప్రోబయోటిక్స్, పేగు ఆరోగ్యం అంటూ ప్రకటనలు వరుసగా కనిపిస్తాయి. 1990లలో తెల్లమచ్చ వ్యాధి వచ్చిన తరువాత అలాగే జరిగింది. వెనామీ వచ్చాక 'రన్నింగ్ మోర్టాలిటీ' అని మేము చెరువు గట్టు మీద అనుకునే మాట పత్రికలలోకి ఎక్కింది. చెరువులో రోజూ కొన్ని కొన్ని చనిపోతూ ఉండే ఆ పరిస్థితికి ఒకే కారణం తేలలేదు కనుక శాస్త్రీయ వ్యాసాలలో దాన్ని వెతికి పట్టుకోవడం కష్టం.

మీరు అడిగిన ఏరేటర్ల సంగతి కూడా ఇలాగే తేలుతుంది. ఒక పత్రికను తీసుకొని, ఏడాదికి ఒకే నెల సంచికను ఎంచుకొని, ఏరేటరు ప్రకటనలు ఎన్ని పేజీలు, విత్తనం (రొయ్య పిల్లల) ప్రకటనలు ఎన్ని, వాటిలో టైగర్ ఎన్ని, వెనామీ ఎన్ని, యంత్రం తయారైనది ఏ దేశంలో అని లెక్కించండి. వెనామీని 2003లో ప్రయోగాత్మకంగా తెచ్చి, 2009లో అధికారికంగా అనుమతించారు. ఆ మధ్య కాలంలో, అనుమతి తరువాత మొదటి రెండేళ్లలో విత్తన ప్రకటనల భాష ఎలా మారిందో చూస్తే ఎవరు ముందుగా సిద్ధపడ్డారో మీకే అర్థమవుతుంది. ఎగ్జిబిషన్లు జరిగే నెలల ప్రత్యేక సంచికలను మాత్రం ఈ లెక్కలో కలపవద్దు, వాటిలో ప్రకటనలు మామూలు కంటే ఎన్నో రెట్లు ఉంటాయి.

మూడవది, సాంకేతిక వ్యాసాలు. రచయిత పేరు కింద ఉన్న ఉద్యోగ వివరం మొదట చదవండి. మేత కంపెనీ ఉద్యోగి మేత గురించి రాసినంత మాత్రాన అబద్ధం రాశాడని కాదు. చెరువులో రోజూ దిగేవాడు గనుక కళాశాలలో దొరకని విషయం అతని దగ్గర ఉంటుంది. అయితే పంట పండిన చెరువు గురించి రాస్తాడు గానీ, పోయిన చెరువు గురించి రాయడు.

సమాధానం: చరిత్ర_ఉపన్యాసకుడు

పై ఇద్దరూ చెప్పినదానికి నేను చరిత్ర విద్యార్థిగా ఒక్క విషయమే చేర్చదలచుకున్నాను. ట్రేడ్ జర్నల్‌ను ఆధారంగా వాడడం మన దేశంలో కొత్త సంగతి కాదు. బొంబాయి నుంచి 1890లో మొదలైన 'ఇండియన్ టెక్స్‌టైల్ జర్నల్', కలకత్తా నుంచి ప్రభుత్వం 1906లో మొదలుపెట్టిన 'ఇండియన్ ట్రేడ్ జర్నల్' లేకుండా మన మిల్లుల చరిత్రను, ఎగుమతుల చరిత్రను రాయడం కష్టం. ఆ చరిత్రకారులు నేర్పే పాఠం ఏమిటంటే, అలాంటి పత్రికను ఒక పక్షం ఇచ్చిన వాంగ్మూలంగా చదవాలి, పక్కన రెండవ పక్షం వాంగ్మూలాన్ని కూడా పెట్టుకోవాలి.

మీ కాలంలో దీనికి స్పష్టమైన ఉదాహరణ ఉంది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఎస్. జగన్నాథ్ కేసులో తీర్పు ఇస్తూ, తీర నియంత్రణ మండలంలోని రొయ్యల చెరువులను, సంప్రదాయ పద్ధతిలో సాగయ్యేవి మినహా, తొలగించాలని ఆదేశించింది. ఆ కాలపు పరిశ్రమ పత్రికలను చదివితే పెట్టుబడి, ఉపాధి, విదేశీ మారకద్రవ్యం ఏమవుతాయన్న ఆందోళన ఎక్కువగా కనిపించడం సహజం. తీర్పు పాఠంలో నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి నివేదిక ఉంది, తాగునీటి బావులు ఉప్పబారడం, మత్స్యకారులకు తీరానికి దారి మూసుకుపోవడం వంటి ఫిర్యాదులు ఉన్నాయి, లాభం కంటే నష్టమే ఎక్కువన్న అంచనా ఉంది. చివరకు 2005లో తీర ఆక్వాకల్చర్ ప్రాధికార సంస్థ చట్టం వచ్చి, పాత చెరువులకు రక్షణ దక్కింది. ఈ తొమ్మిదేళ్లను ఒక్క పత్రికల ఆధారంగానే రాస్తే, ఉప్పునీటి పక్కన బతికిన కూలీలు, మత్స్యకారులు మీ గ్రంథంలో ఉండనే ఉండరు. వారు ఆ పత్రికల పాఠకులు కారు, రచయితలు కారు, ప్రకటనదారులు కారు.

సంఖ్యల విషయంలో కూడా ఇదే పద్ధతి. 2003 డిసెంబరు 31న అమెరికా రొయ్యల వేటగాళ్ల సంఘం వేసిన పిటిషన్ మీద భారత్, థాయిలాండ్, వియత్నాం, చైనా, ఈక్వడార్, బ్రెజిల్ ఆరు దేశాల మీద యాంటీ డంపింగ్ (మరీ తక్కువ ధరకు సరుకు దించుతున్నారన్న ఆరోపణ) విచారణ జరిగి, 2005 ఫిబ్రవరిలో సుంకాల ఉత్తర్వులు వచ్చాయి. ఆ విచారణ జరిపిన అమెరికా అంతర్జాతీయ వాణిజ్య కమిషన్ నివేదికలు ఉచితంగా దొరుకుతాయి. అందులో ఎగుమతిదారులు, దిగుమతిదారులు ప్రశ్నావళులకు ఇచ్చిన జవాబుల ఆధారంగా ధరల విశ్లేషణ ఉంటుంది. అమెరికా మత్స్యశాఖ దిగుమతుల గణాంకాలలో దేశాల వారీగా, కొన్ని రకాల రొయ్యలకు సైజుల వారీగా కూడా నెలనెలా సంఖ్యలు ఉంటాయి. ట్రేడ్ జర్నల్‌లో ఒక నెల ధర గురించి మాట కనిపించినప్పుడు, ఆ నెల దిగుమతి విలువను పరిమాణంతో భాగించి సరిచూడవచ్చు. రెండూ కలవని నెలలనే గుర్తు పెట్టుకోండి. చెప్పుకోదగ్గ కథ ఉండేది ఆ నెలలలోనే.

తిరుగు ప్రశ్న: ఉప్పుటేరు_పరిశోధకురాలు

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. కౌంటు విషయంలో చెరువుగట్టు గారు చెప్పిన పొరపాటును నేను ఇప్పటికే ఒక పట్టికలో చేసి ఉన్నాను, ఈ రాత్రికే సరిదిద్దుతాను. సీఎంఎఫ్‌ఆర్‌ఐ భాండాగారంలో ఒక గంట వెతికితే నా కాలానికి పనికివచ్చే వ్యాసాలు పద్నాలుగు దొరికాయి.

రెండు చిన్న సందేహాలు మిగిలాయి. ప్రకటనను ఉదహరించాలంటే రచయిత పేరు ఉండదు కదా, ఎలా రాయాలి? వెబ్‌సైటుగా మారిన పత్రికల పాత పేజీలు ఇప్పుడు తెరుచుకోవడం లేదు, వాటి సంగతి ఏమిటి?

సమాధానం: విశ్రాంత_గ్రంథపాలకుడు

ప్రకటనకు రచయిత స్థానంలో ప్రకటనదారు పేరు, శీర్షిక స్థానంలో ప్రకటనలోని మొదటి వాక్యం, ఆ పక్కన 'ప్రకటన' అన్న మాట, తరువాత పత్రిక పేరు, సంపుటి, సంచిక, నెల, సంవత్సరం, పేజీ రాయండి. అట్ట లోపలి పేజీలకు చాలాసార్లు సంఖ్య ఉండదు; అలాంటప్పుడు 'వెనుక అట్ట లోపలి వైపు' అని మాటలలోనే రాస్తే చాలు. మీ విశ్వవిద్యాలయం నిర్దేశించిన శైలి ఏదైనా, మరొకరు అదే పేజీని తిరిగి కనుగొనగలగాలన్నది అసలు అవసరం. సంచికలను బైండు చేయించేటప్పుడు మా గ్రంథాలయాలలో అట్టలు, ప్రకటన పేజీలు తీసివేయడం ఒక అలవాటుగా ఉండేది. నేనూ ఆ పని చేయించినవాడినే, ఈనాడు ఎంతో బాధపడుతున్నాను. అందువల్ల బైండు సంపుటంలో ప్రకటనలు లేవంటే పత్రికలో అసలు లేవని నిర్ధారణకు రావద్దు. పేజీ సంఖ్యలు వరుసగా ఉన్నాయో లేదో చూసి, విడి సంచికతో పోల్చండి.

పోయిన వెబ్ పేజీలకు ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో పాత చిరునామా ఇచ్చి చూడండి. దొరికితే, అది ఏ తేదీన భద్రపరచిన ప్రతి అన్నది కూడా మీ అధోజ్ఞాపికలో చేర్చండి. ఇప్పుడు తెరుచుకుంటున్న పేజీలను కూడా ఈరోజే అక్కడ భద్రపరచండి.

సమాధానం: చెరువుగట్టు

అమ్మా, బైండు సంపుటాల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మా గోదాము అటక మీద 2004 నుంచి వచ్చిన సంచికలు, అట్టలతో సహా, కట్టలు కట్టి ఉన్నాయి. మధ్యలో కొన్ని వరద నీటికి పాడయ్యాయి. మా పక్క ఊరి హేచరీలో ఇంకా పాతవి ఉన్నాయని విన్నాను, అడిగి చూస్తాను. చెరువులలో రొయ్యల పట్టుబడులు జోరుగా సాగే నెలలలో నాకు తీరిక ఉండదు. ఆ ఒత్తిడి తగ్గాక ఏ రోజైనా రండి. బల్ల, దీపం ఏర్పాటు చేస్తాను. కట్టలు విప్పినప్పుడు నెలల వరుస చెదరకుండా చూసుకుంటే చాలు, ఫోటోలు ఎన్నైనా తీసుకోండి. అరువు లెక్కల పాత పుస్తకాలు కూడా అక్కడే ఉన్నాయి. వాటిలో రైతుల పేర్లు బయటకు రాకుండా రాస్తానంటే అవి కూడా చూపిస్తాను.